నాలుకకు పెద్దపీట

ఫిలిప్పీన్స్‌లో ఊరి పండగ వచ్చిందంటే ఇంటికొచ్చిన చుట్టాల ముందు పెట్టే వంటల్లో ఎద్దు నాలుక పులుసు ఒకటి. లెంగువా ఎస్తోఫాదో అంటారు. నల్లగా, నూనె తేలి మెరిసే పులుసు. అందులో వేలి మందాన కోసిన మెత్తని ముక్కలు, పైన దోరగా వేయించిన అరటికాయ. రోజువారీ కూర కాదది. పెళ్లికో, బాప్తిస్మానికో, క్రిస్మస్ ముందు రోజు అర్ధరాత్రి ఆరాధన అయ్యాక కూర్చునే విందుకో వండుతారు. అదే నాలుక కావాలని బెజవాడ వన్‌టౌన్‌లో పెద్దకూర కొట్టుకి వెళ్లి అడిగితే కొట్టు భాయ్ నా మొహంలోకి చూసి, "కుక్కకా అమ్మా?" అన్నాడు.

ఆ మాటలో వెటకారం లేదు. మా భవానీపురం నుంచి వెళ్లి నాలుక అడిగేది కుక్కల్ని పెంచుకునేవాళ్లే కాబోలు. "మాకే భాయ్, ఇంట్లో వండుకోడానికి" అన్నాను. "అయితే ముందురోజు చెప్పాలమ్మా. గొడ్డుకి ఒకటేగా ఉండేది. తలకాయలన్నీ కలిపి ఒకాయన పట్టుకెళ్లిపోతాడు" అన్నాడు.

ఇంటికొచ్చేదాకా ఆ మాటే బుర్రలో తిరిగింది. తొడ మాంసం తూకాల కొద్దీ వస్తుంది, నాలుక మాత్రం ఒకటే. ఒకటే ఉంది కాబట్టి ఫిలిప్పీన్స్‌లో అది పండగ పూట కూరైంది. ఒకటే ఉంది కాబట్టి బెజవాడలో దాన్ని విడిగా పెట్టి అమ్మాలని కూడా ఎవరికీ తోచలేదు. వస్తువు అరుదైతే విలువ పెరుగుతుందని బళ్లో చదువుకున్నాం. ఆ వస్తువు ఇంతకాలం ఎవరి కంచంలో పడుతూ వచ్చిందో కూడా ఆ లెక్కలో కలుస్తుందని మాకెవరూ చెప్పలేదు.

ఈ కూర మా ఇంటికి మా అక్క కూతురి వల్ల వచ్చింది. అది దవావోలో వైద్యం చదివింది. మిందనావో దీవిలో ఉన్న ఆ ఊళ్లో మన రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలు చాలామంది చదువుకుంటున్నారు. సాంబారు, పప్పు వండి పెట్టే మెస్సులు కూడా వెలిశాయి. మా పిల్ల మెస్సులో తింటూనే, తానుండే ఇంటి పెద్దావిడ వంటింట్లోనూ చొరవ చేసుకుంది. క్రిస్మస్‌కి సెలవుల్లేక ఇంటికి రాలేని సంవత్సరం ఆవిడ బల్ల దగ్గర కూర్చోబెట్టి పెట్టిన కూర ఇది. ఇప్పుడు తిరిగొచ్చి, ఇక్కడి అర్హత పరీక్ష గట్టెక్కి, ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తోంది. "ఈసారి క్రిస్మస్‌కి నాకు బిర్యానీ వద్దు పిన్నీ, లెంగువా చేసిపెట్టు" అని ఫోన్ చేసింది. ఎలా చెయ్యాలో కూడా ఫోన్లోనే చెప్పింది.

వంట గురించి చెప్పే ముందు మాంసం గురించి చెప్పాలి. 1977లో వచ్చిన చట్టం ప్రకారం మన రాష్ట్రంలో ఆవునీ దూడనీ కొయ్యడం నేరం. ఎద్దుకైనా గేదెకైనా, పనికో పాడికో ఇక పనికిరాదని అధికారి ధ్రువపత్రం ఇవ్వాలి. కాబట్టి మన కొట్టులో దొరికే పెద్దకూర చాలావరకు దున్నపోతుది, లేదా వట్టిపోయిన గేదెది. కృష్ణా డెల్టా అంటే గేదె పాల సీమ. చిట్టినగర్ పాల ఫ్యాక్టరీకి క్యాన్లలో పాలు పంపిన గేదే ఈత ఆగిపోయాక సంతకి వెళుతుంది. రైతు దాన్ని ఊరికే మేపలేడు, మేపమని మనం చెప్పలేం. పెరుగన్నం తినే ప్రతి ఇంటికీ, ఆ కొట్టుకీ మధ్య ఒకే జంతువు నిలబడి ఉంది. పొద్దున్నే పాల ప్యాకెట్టు కత్తిరించేటప్పుడు ఈ సంగతి మనకి గుర్తుండదు.

ఫిలిప్పీన్స్‌కీ గేదే ప్రాణం. కరబావ్ అని వాళ్ల గేదె జాతి. బురద మడిలో నాగలి లాగే పశువు, పాలు తక్కువిస్తుంది. మన గేదెకి 50 క్రోమోజోములుంటే దానికి 48. రెండింటికీ సంకరం కుదురుతుంది, పుట్టిన దూడకి 49 వస్తాయి. పాలు పెంచుకోవాలని వాళ్లు 1992లో కరబావ్ కేంద్రం ఒకటి చట్టం చేసి మరీ పెట్టుకున్నారు. దానికోసం బల్గేరియా నుంచి ముర్రా గేదెల్ని తెప్పించుకున్నారు. ఆ బల్గేరియా ముర్రాల తాత ముత్తాతలు మన దేశం నుంచి వెళ్లినవే. ఇంకో పక్క, అక్కడ డబ్బాల్లో అమ్మే కార్న్‌డ్ బీఫ్‌కి మన దేశపు గేదె మాంసం గడ్డకట్టించి ఓడల మీద వెళుతోంది. అలాంటప్పుడు ఎద్దు నాలుక బదులు గేదె నాలుకతో ఈ పులుసు వండితే కూర మారిపోతుందేమోనన్న బెంగ నాకు కలగలేదు.

ముందురోజు చెప్పి తెచ్చుకున్న నాలుక కిలోకి పైనే తూగింది. చూడ్డానికి అందంగా ఉండదు. బూడిద రంగు మీద నల్ల మచ్చలు, చెయ్యి వేస్తే గరుకు. గేదెకి పైదవడ ముందు పళ్లుండవు. గడ్డిని నాలుకతో చుట్టి, లాగి, తెంపి నోట్లో వేసుకుంటుంది. తర్వాత గంటల తరబడి నెమరేస్తుంది. బతికినంత కాలం విశ్రాంతి ఎరగని కండ అది. అందుకే దాంట్లో నరాల్లాంటి పీచు ఎక్కువ, ఆ పీచు మధ్య కొవ్వు కూడా ఎక్కువ. తొందరపడి వండితే సాగుతుంది. సన్నని మంట మీద ఓపిగ్గా ఉంచితే ఆ పీచు కరిగి జిగురై, ముక్కకీ పులుసుకీ చిక్కదనం ఇస్తుంది. పాయా చల్లారితే గడ్డకడుతుందే, ఆ జిగురే ఇది.

"ఎన్ని విజిల్స్ రానివ్వాలే?" అని అడిగాను.

"విజిల్సేంటి పిన్నీ, కుక్కర్ జోలికి పోకు. మూత పెట్టి సన్నసెగ మీద వదిలెయ్. మూడు గంటలు."

"మూడు గంటలా! గ్యాసు ఎవడిస్తాడే?"

"నువ్వు పాలు కాగబెట్టినట్టు పొంగించకు. ఊరికే బుడగ వస్తూ ఉండాలి. సిలిండర్ సగం ఏమీ అయిపోదులే."

ఈ విషయంలో దాంతో నాకు పూర్తి ఏకాభిప్రాయం లేదు. ఉద్యోగం చేసొచ్చి వండే ఆడవాళ్లు కుక్కర్లోనే పెట్టుకోవచ్చు, ముప్పావు గంటలో ఉడుకుతుంది, తప్పేమీ లేదు. కానీ సెలవు రోజైతే మాత్రం సన్నసెగే మేలు. ముక్క అంచులు చెదరవు, నీళ్లు తేటగా ఉంటాయి. డెల్టా ఊళ్లలో పాలకి దాలి ఉండేది. పిడకల నిప్పు మీద మట్టికుండ పెట్టి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మీగడ ఎర్రబడేలా కాచేవాళ్లు. నాలుకకి సరిగ్గా సరిపోయే పొయ్యి అది. దాలి ఉన్న ఇళ్లలో పెద్దకూర వండేవాళ్లు కారు, పెద్దకూర వండే ఇళ్లలో దాలికి పెట్టేన్ని పాలుండేవి కావు. రెండూ ఒక ఇంట్లో ఎప్పుడూ కలవలేదు.

రాళ్ల ఉప్పు, కాస్త వెనిగర్ వేసి గట్టిగా రుద్ది కడిగాను. నీళ్లలో వేసి మొదటి పొంగు రాగానే వచ్చిన నురగ తీసేసి, ఉల్లిపాయ, మిరియాలు, బిర్యానీ ఆకు, ఉప్పు వేసి వదిలేశాను. కత్తి మొన గుచ్చితే అడ్డం లేకుండా దిగాలి, అదీ గుర్తు. ఇక అప్పుడు తోలు తియ్యాలి. పచ్చిగా ఉన్నప్పుడు కత్తికే లొంగని ఆ గరుకు తోలు, వేడిమీద ఉండగా అంచు పట్టుకుని లాగితే మేజోడులా ఊడొస్తుంది. చల్లారిందంటే మళ్లీ బిగుసుకుంటుంది. వేళ్లు కాలతాయి, పక్కన చన్నీళ్ల గిన్నె పెట్టుకుని ముంచుకుంటూ తియ్యాలి. తోలు తీశాక లోపలిది లేత గోధుమరంగులో, నున్నగా ఉంటుంది. మొదలు దగ్గరి కొవ్వు, గ్రంథులు, చిన్న ఎముక ముక్కలు తీసేసి అడ్డంగా కొయ్యాలి. ఉడికిన నీళ్లు పారబొయ్యకూడదు.

మిగతాది మనకి తెలిసిన దారే. నూనెలో ముక్కల్ని రెండు వైపులా ఎర్రగా కాల్చి తీసి, అదే నూనెలో వెల్లుల్లి రెబ్బలు దండిగా, తర్వాత ఉల్లిపాయ. పైన సోయా సాసు, వెనిగర్, మిరియాలు, ఆకు, తీపికి వాళ్లు ముదురు రంగు పంచదార వేస్తారు, నేను బెల్లం వేశాను. వెనిగర్ పోశాక అది ఒక పొంగు వచ్చేదాకా గరిటె పెట్టి కలపకూడదట. ఫిలిప్పీన్స్ ఆడవాళ్లు ఈ నియమాన్ని తల్లి నుంచి కూతురికి చెప్పుకుంటారని మా పిల్ల చెప్పింది. కలిపితే పచ్చి ఘాటు పోదంటారు. నాలుక ఉడికిన నీళ్లు పోసి ఇంకో గంట మగ్గనిచ్చాను. కొందరు టమాటా, పుట్టగొడుగులు కూడా వేస్తారట. మా పిల్ల తిన్నది అరటికాయ వేసినది కాబట్టి అదే చేశాను. వాళ్లు వాడేది సబా అనే వంట అరటి. మన బొంత అరటి దానికి దగ్గర చుట్టమే. కృష్ణ అవతలి ఒడ్డు తోటల నుంచి వచ్చే కాయలు భవానీపురంలో బండి మీదే దొరుకుతాయి. కాస్త పండబారిన కాయని చక్రాలుగా కోసి వేయించి చివర్లో కలిపితే చాలు.

సోయా సాసు కూడా వెతుక్కోవాల్సిన వస్తువేం కాదు. బెజవాడలో నూడుల్స్ బండి లేని సెంటర్ ఎక్కడుంది? వెనిగర్ ఒక్కటే వెలితి. వాళ్లు కొబ్బరి కల్లుని, చెరకు రసాన్ని పులియబెట్టి చేసుకుంటారు. దానికి వాసన, వెనక చిన్న తీపి ఉంటాయట. మన దుకాణాల్లో దొరికే తెల్ల సీసాది గొంతు పట్టేసే పులుపు. తాళ్లు, ఈదులు, కొబ్బరిచెట్లు ఇన్ని ఉన్న సీమలో కల్లుని తాగడానికే తప్ప వంటకి నిలవబెట్టుకునే అలవాటు మనకి లేకపోయింది. చింతపండు ఉండటం వల్ల ఆ అవసరం రాలేదు. "చింతపండు వేస్తే మన పులుసైపోతుంది పిన్నీ" అంది మా పిల్ల. అయితే అవనీ. పులుపు, ఉప్పు, బెల్లం కలిసి చిక్కబడటం మనకి అలవాటైన రుచే. వాళ్లూ స్పెయిన్ నుంచి వచ్చిన కూరలో చీనావాళ్ల సోయా సాసు, తమ దీవుల అరటికాయ వేసే తమదిగా చేసుకున్నారు.

నాకు కష్టమైంది కారం వెయ్యకపోవడం. అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా, గుంటూరు కారం లేకుండా మాంసం పొయ్యెక్కడం మా ఇళ్లలో ఊహకి అందదు. పొయ్యి దగ్గర నిలబడి దాని గురించే ఆలోచించాను. మసాలా రుచి కోసమే, కాదనను. కానీ మా చిన్నప్పుడు అద్దె ఇంట్లో మా అమ్మ పెద్దకూర వండేటప్పుడు కిటికీలు మూసి, దాల్చినచెక్క, లవంగం ఇంకాస్త ఎక్కువ వేసేది. పక్క వాటా వాళ్లకి మటన్ అనిపించాలి. ఆ ఘాటు సగం పొరుగింటి ముక్కు కోసం. తిండి వాసనని తిండితోనే దాచి పెట్టుకున్న ఇళ్లు ఈ ఊళ్లో ఎన్నో ఉన్నాయి. ఈ ఫిలిప్పీన్స్ కూరలో దాచడానికి ఏమీ లేదు. మాంసం మాంసంలాగే వాసనొస్తుంది. నేను కిటికీ తీసే వండాను.

డోరీన్ ఫెర్నాండెజ్ అని ఫిలిప్పీన్స్ తిండి గురించి శ్రద్ధగా రాసినావిడ ఉండేవారు. 2002లో పోయారు. పరాయి వంటలు తమ దీవుల్లో ఎలా తమవయ్యాయో ఆవిడ వివరంగా చెప్పారు. చీనా వర్తకులతో వచ్చిన నూడుల్స్ లాంటివి సామాన్యుడి రోజువారీ తిండైపోయాయి. స్పెయిన్ దొరలతో వచ్చిన వంటలు మాత్రం పండగ బల్ల ఎక్కాయి, ఎందుకంటే అవి పాలించినవాళ్ల కంచంలోవి. స్పెయిన్ ఆ దీవుల్ని 1565 నుంచి 1898 దాకా ఏలింది. అంటే నాలుకకి అక్కడ పెద్దపీట వేసింది దాని రుచి ఒక్కటే కాదు. దొర తిన్నాడు కాబట్టి అది దొరతిండి అయింది.

మా వైపు కథ దీనికి తలకిందులు. మా అమ్మమ్మ వాళ్లది అవనిగడ్డ అవతల లంక ఊరు. 1977 నవంబరు ఉప్పెన తర్వాత బతుకుదెరువుకి బెజవాడ చేరారు. ఊళ్లో ఉండగా అమ్మమ్మ ఆసాముల గొడ్లచావిడి ఊడ్చేది. చచ్చిన గొడ్డుని ఊరి బయటికి ఈడ్చే పని మా వాళ్లది. ఆ పనికి కూలి ఆ గొడ్డే. మాంసం తునకలు కోసి తాళ్ల మీద ఎండబెట్టేవాళ్లు, తలకాయ ఆ పూటే వండేవాళ్లు. నాలుకని నిప్పుల మీద కాల్చి, కత్తిపీటతో తోలు గీకి, ముక్కలు చేసి జొన్నన్నంలోకి వండేదాన్నని అమ్మమ్మ చెప్పేది. మూడు గంటల సన్నసెగ సంగతి ఆవిడకి ఎవరూ నేర్పలేదు. చేలోకి వెళ్లేముందు కుంపటి మీద పెట్టి, వచ్చాక దించేది. పద్ధతి అదే, జిగురూ అదే. తిన్నవాళ్లు వేరు.

చచ్చిన గొడ్డు మాంసం ముట్టొద్దని అంబేద్కర్ 1927లో మహాడ్‌లో తన వాళ్లకి చెప్పారు. 1948లో అచ్చైన ‘ది అన్‌టచబుల్స్’ పుస్తకంలో గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ ఉన్న ముడి గురించి వాదించారు. మా తాత ఆ పుస్తకం చదవలేదు, చదవడం రాదు. కానీ ఈడ్చే పని ఆయన మానేశాడు. ఆ తర్వాత మా ఇంట్లో మాంసం అంటే డబ్బు పెట్టి కొట్టులో కొన్నదే. అది మా వాళ్లు ఎక్కిన పెద్ద మెట్టు. ఆ మెట్టు ఎక్కుతూ తలకాయనీ, పేగుల్నీ, నాలుకనీ వెనక్కి నెట్టేశాం. "మెత్తటి మాంసం ఇవ్వు భాయ్" అని అడగడమే మాకు మర్యాదైంది. మా అమ్మని నేను తప్పుపట్టను. ఒకప్పుడు కూలి కింద విసిరేసినదాన్ని డబ్బిచ్చి కొనడానికి మనసొప్పదు.

కానీ ఇదే నాలుకకి మన హైదరాబాదులో ఎంత గౌరవముందో చూడండి. పాతబస్తీలో తెల్లవారుజామున తినే నహారీ అంటేనే పాయా, జబాన్. మేక కాళ్లు, నాలుకలు రాత్రంతా దేగ్‌లో ఉడికి, పొద్దున్నే కుల్చాతో కంచంలోకొస్తాయి. బెజవాడ నుంచి పని మీద వెళ్లిన మనవాళ్లు ఎంతమందో పనిగట్టుకుని వెళ్లి తిని, వచ్చి నెల రోజులు చెప్పుకుంటారు. నిజాముల ఊరి వంట అనేసరికి నాలుక నాలుకలా కనబడదు, నవాబీ అయిపోతుంది. అదే మా పేట ఇళ్లలో వండితే నీచు కంపు. మేకది వేరు, గేదెది వేరు అంటారేమో. మా అమ్మమ్మ మేక తలకాయ వండినప్పుడు కూడా ముక్కు మూసుకునేవాళ్లు మూసుకున్నారు.

క్రిస్మస్ మధ్యాహ్నం గుడి నుంచి వచ్చాక తిన్నాం. అన్నంలోకి అద్భుతంగా ఉంది. ముక్క పంటికి ఆనకముందే విడిపోతుంది, కానీ పిండిలా కాదు, ఒక నిండుదనం ఉంటుంది. మొదట తీపి తగులుతుంది, వెనక పులుపు, ఆ తర్వాత ఎప్పటికో మిరియం. మా ఆయన రెండో ముద్దకే పచ్చిమిరపకాయ అడిగి నంజుకున్నారు. అదీ బాగుందన్నారు. మా పిల్ల మాట్లాడకుండా తింది. దవావోలో ఉన్న ఆ పెద్దావిడకి వీడియో కాల్ చేసి గిన్నె చూపించింది. డాక్టరు కాబట్టి హెచ్చరిక కూడా చేసింది. వంద గ్రాముల నాలుకలో 15 గ్రాముల మాంసకృత్తులుంటే కొవ్వు 16 గ్రాములట, బి12 దండిగా ఉంటుందట, పండగకే ఉంచుకోమంది. మా అమ్మకి ఎనభై దాటాయి. కంచంలో ఉన్నదేమిటో ముందే చెప్పి పెట్టాం. "అమ్మ కాల్చి వండేది, నువ్వు ఉడకబెట్టావు. దీనికి తోలు బాగా వచ్చింది" అంది. ఇంకో రెండు ముక్కలు వేయించుకుంది.

ఈ కూర మీరూ వండుకోవచ్చు. గేదెది తినని ఇళ్లలో మేక నాలుకలు నాలుగైదు తెచ్చుకుంటే చాలు, గంటన్నరలో ఉడుకుతాయి. తోలు తీసే పద్ధతి అదే. కొట్టులో అడిగేటప్పుడు తలకాయతో కలిపి ఊరికే ఇమ్మనకండి, విడిగా తూకం వేయించి ధర కట్టి కొనండి. ఇక భవానీపురంలో, విద్యాధరపురంలో, గొల్లపూడిలో ఇళ్లు అద్దెకిచ్చే పెద్దలకు ఒక మనవి. "నాన్‌వెజ్ తింటారా" అని అడిగి, ఊఁ అంటే "పెద్దది కూడానా" అని గొంతు తగ్గించి అడుగుతారు మీరు. ఆ రెండో ప్రశ్నకి నిజం చెప్పి ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు, అబద్ధం చెప్పి కిటికీలు మూసుకుని బతుకుతున్నవాళ్లు అంతకంటే ఎక్కువ ఉన్నారు. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, మోటారు ఎవరు వెయ్యాలి, ఇవి అడగండి. గిన్నెలో ఏముందో అడగకండి.